నాయన పేరు మీదున్న డొమైన్

"కోడు వచ్చిందా లేదా" అని వారం కింద రోజుకి నాలుగుసార్లు అడిగిన అమ్మే ఇప్పుడు మెయిల్ చూపిస్తే ఏం మాట్లాడకుండా కూర్చుంది. డొమైన్, అంటే మా సైటు అడ్రస్, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది.

ఉదయగిరి కొయ్య గరిటెల సైటు మాది. పాత కంపెనీ వాళ్ళు రెన్యువల్ రేటు ఏటేటా పెంచుకుంటా పోతుండారు, ఫోన్ చేస్తే ఎత్తరు, అందుకే మార్చేశా. డొమైన్ వేరే చోటికి పోకుండా ఉండే లాక్ తియ్యడం ఒక్క క్లిక్కే, కానీ మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్, ఆథ్ కోడ్ మాత్రం నాయన మెయిల్‌కే పోతాది, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలీదు.

రెండు రోజులు ఇల్లంతా వెతికితే అంగడి లెక్కల పుస్తకం వెనకట్ట లోపల దొరికింది. పెన్సిల్‌తో రాసి, పక్కనే "చిన్నోడికి చెప్పాల" అని ఉంది. చెప్పేలోపే పోయాడు. ఆ నాలుగు అక్షరాలు చూస్తా ఎంతసేపు కూర్చున్నానో.

కోడ్ ఇచ్చినాక 5 రోజులు ఆగాల్సొచ్చింది. పాత వాళ్ళు అడ్డం చెప్పకపోతే దానంతటదే అయిపోద్ది. సైటు ఎక్కడుందో చెప్పే నేమ్ సర్వర్లు ముట్టుకోలా, సైటు ఒక్క నిమిషం కూడా ఆగలా. డాట్ కామ్ కాబట్టి గడువుకి ఇంకో ఏడాది కలిసింది కూడా.

ఓనర్ పేరు ముందే మారిస్తే 60 రోజులు వేరే కంపెనీకి మార్చనీకుండా లాక్ పడొచ్చని దాన్ని చివరికి పెట్టుకున్నా. ఇప్పుడు మార్చొచ్చు. ఎడిట్ నొక్కి నాయన పేరు చూసి మళ్ళీ వెనక్కొచ్చేశా.

"రేపు మార్చుకోవచ్చులే, అన్నానికి రా" అంది అమ్మ.