వెలికొండల చీటీ

రాత్రి రాపూరులో బయలుదేరినవాణ్ణి ఎల్బీ నగర్‌లో దిగేసరికి తెల్లవారింది. ఉప్పల్ మీదుగా సిటీ బస్సులో తార్నాక చేరాను. మా మేనకోడలు పనిచేసే చోటు అక్కడికి దగ్గరే. క్షీరదాల నమూనాలను పరిశీలించి భద్రపరచడం ఆమె ఉద్యోగం.

గాజుకళ్ళతో నిలబెట్టిన పులులు ఉంటాయనుకున్నాను. ఆమె సొరుగు లాగింది. నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. దూది కూరిన ఉడుతలు, ఎలుకలు కాళ్ళు చాచి బోర్లా పడుకుని ఉన్నాయి. ప్రతి దాని వెనుక కాలికీ ఒక చీటీ. అదే అంకె వేసిన పుర్రె పక్కన డబ్బాలో ఉంది. చర్మం ఒలిచాక సాగుతుంది కాబట్టి తోక, పాదం, చెవి కొలతలు ముందే తీసుకోవాలట. పుర్రెకు అంటిన మాంసాన్ని చిన్న పురుగులకు వదిలేస్తే, సన్నని ఎముక కూడా చెక్కుచెదరకుండా శుభ్రం చేస్తాయట. మనిషి చేతికి అంత ఓర్పు ఎక్కడిది!

"చీటీ పోతే ఇది ఉత్త తోలు, మామయ్యా. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలిస్తేనే నమూనా" అంది.

తర్వాత ఆమె చూపించింది మాత్రం నేను మరచిపోలేను. ట్రీ ష్రూ అనే చిన్న జంతువు పుర్రె బొమ్మ అది. ఉడుతకు ముందు ఉలిలాంటి పళ్ళు, వాటి వెనుక ఖాళీ. దీనికి ఆ ఖాళీ లేదు, మొత్తం 38 చిన్న పళ్ళు. చూపుకు ఉడుతే, కానీ ఉడుత కాదు. 1850లో దీన్ని వర్ణించినప్పుడు దొరికిన చోటుగా రాసింది కడప, నెల్లూరు మధ్య కొండలు. అంటే మా వెలికొండలే! దీని శాస్త్రీయ నామంలోని 'ఎల్లియోటి' వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారిది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించింది ఆయనే. ఆ పాలరాళ్ళ సంగతి చదివాను కానీ, మా కొండ జంతువుకు ఆయన పేరుందని అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది.

"పెంచలకోన దారిలో ఇలాంటిదాన్ని చూశానమ్మా, రాళ్ళ మీద పరుగెడుతుంటే ఉడుత అనుకున్నాను" అన్నాను.

వెంటనే పెన్సిల్ అందుకుంది. "ఏ నెలలో? కోనకు ఎంత దూరంలో? పొద్దునా, సాయంత్రమా?"

ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె కాసేపు చూసి, ఏమీ రాయకుండానే పెన్సిల్ పక్కన పెట్టింది. తిరుగు ప్రయాణానికి ముందు తార్నాకలో ఒక చిన్న నోటు పుస్తకం కొన్నాను.