మేపుల్ పాకం పొయ్యి: ఈ సీజన్‌ పని ఎంతవరకు వచ్చింది

ఫిబ్రవరి చివరి వారం

అమెరికాలోని వర్మాంట్‌ రాష్ట్రంలో పాతకాలం వాళ్లు టౌన్ మీటింగ్ రోజు, అంటే మార్చి మొదటి మంగళవారం, చూసుకుని మేపుల్ చెట్లకు ట్యాపులు (కాండానికి రంధ్రం చేసి బిగించే చిన్న గొట్టాలు) కొట్టేవాళ్లు. మేం ముందే కొట్టేశాం. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వాతావరణం ఉంటేనే సాప్ (చెట్టు లోపలి తియ్యటి నీరు) కారుతుంది, అది ఈసారి తొందరగా వచ్చింది.

తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాప్ 2 బ్రిక్స్, అంటే సుమారు 2 శాతం చక్కెర, చూపించింది. సిరప్ కాచేవాళ్ల పాత సూత్రం ప్రకారం 86ని ఆ అంకెతో భాగిస్తే 43. అంటే 43 గ్యాలన్ల సాప్‌కు ఒక్క గ్యాలన్ సిరప్, మిగతా 42 గ్యాలన్లూ ఆవిరైపోవాలి. అందుకే పొయ్యి మంచిదా కాదా అని తేల్చేది గంటకు ఎన్ని గ్యాలన్ల నీళ్లు పోతున్నాయన్న ఒక్క లెక్కే. నిరుడు వాడిన ప్రొపేన్ స్టవ్వు, లోతు గిన్నె ఈ లెక్కకు నిలవలేదు. గ్యాస్ ఖర్చుతో కొట్టులో సిరప్ కొనుక్కోవచ్చు.

ఈసారి సిమెంటు దిమ్మెలతో పొయ్యి, లోపలివైపు ఫైర్‌బ్రిక్ (సెగకు తట్టుకునే ఇటుక). దిమ్మెలకు నేరుగా సెగ తగిలితే పగులుతాయి. పైన క్యాటరింగ్ వాళ్లు వాడే 20×12 అంగుళాల స్టీలు ట్రేలు మూడు, మొత్తం 5 చదరపు అడుగులు. చదును ట్రేకి చదరపు అడుగుకు గంటకు ఒక గ్యాలన్ అన్నది ఇక్కడి మోటు లెక్క. అనకాపల్లి వైపు బెల్లం వండే పెనం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు: వెడల్పు ఉండాలి, లోతు కాదు.

మార్చి, మొదటి మంటలు

మొదటి రోజు గంటకు 3 గ్యాలన్లే పోయాయి. మంట ట్రేలను తాకకుండా నేరుగా పొగగొట్టంలోకి ఎగిరిపోతోంది. నిప్పుగది వెనక నేలను ఇటుకలతో ఎత్తు చేస్తే మంట ట్రేల అడుగున పాకుతూ వెళ్లింది. ట్రేల అంచుల సందుల్లో సిరామిక్ ఫైబర్ దూర్చాను (కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి). జాలీ కింద చిన్న బ్లోయర్ పెట్టాక 4.5కు చేరింది.

బ్లోయర్ కన్నా కట్టెలే ముఖ్యమేమో అనిపిస్తోంది. మణికట్టు లావుకు చీల్చిన బాగా ఎండిన కట్టెలు, ఏడెనిమిది నిమిషాలకోసారి నాలుగేసి. తలుపు తీయడం, వేయడం, మూయడం చకచకా జరగాలి. లావు దుంగ వేస్తే రాత్రంతా నిప్పు ఉంటుంది, మరుగు మాత్రం ఉండదు.

ట్రేలో సాప్ ఒకటిన్నర అంగుళం. అంతకన్నా తగ్గితే కన్ను తిప్పేలోగా మాడుతుంది. చల్లటి సాప్ పోస్తే మరుగు చచ్చిపోతుంది కాబట్టి వెనక పొగగొట్టం పక్కన కుళాయి బిగించిన ట్రే ఒకటి పెట్టాను. అందులో వేడెక్కిన సాప్ సన్నటి ధారగా వెనక ట్రేలోకి పడుతుంది. అక్కడినుంచి చిక్కబడేకొద్దీ గరిటెతో ముందుకు. పొంగు వస్తే ఇక్కడివాళ్లు ఒక్క చుక్క వెన్న వేస్తారు, మా ఇంట్లో నెయ్యి. నురగ ఠక్కున కూర్చుంటుంది.

పాకం దించడం

ఆఖరి భాగమే వంటింట్లో. మొత్తం లోపలే కాచితే గోడలన్నీ చెమర్చి జిగురెక్కుతాయి. థర్మామీటర్‌తో ముందు మామూలు నీళ్లు మరిగించి చూస్తాను, ఎందుకంటే గాలి పీడనంతో మరుగు అంకె మారుతుంది. ఆ రోజు వచ్చిన అంకెకు 7 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉంటే సిరప్ దగ్గరపడ్డట్టు. ఖాయం చేసేది హైడ్రోమీటరే (సిరప్‌లో తేలుతూ చిక్కదనం చూపే గొట్టం). వర్మాంట్ ప్రమాణం 66.9 బ్రిక్స్, అంతకన్నా పలచనైతే పులుస్తుంది, మరీ చిక్కనైతే సీసా అడుగున పలుకులు కడుతుంది. వేడిమీదే ఫెల్ట్ గుడ్డలో వడకడితే ఇసుకలాంటి గసి పైనే ఆగుతుంది. 180 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గకుండా సీసాల్లోకి పోసి మూత బిగించాలి.

ఇక మిగిలింది ఆర్‌ఓ, అంటే కాచకముందే సాప్‌లోని నీళ్లను మెంబ్రేన్ (సన్నటి పొర) గుండా కొంత తీసేసే యంత్రం. 2 బ్రిక్స్‌ను 4 చేస్తే మరిగించాల్సిన సాప్ 43 నుంచి 21.5 గ్యాలన్లకు దిగుతుంది, కట్టెలు సగం మిగులుతాయి. మెంబ్రేన్లు, పంపు వచ్చాయి. గడ్డకడితే మెంబ్రేన్ పాడైపోతుందని పెట్టె ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉంది. అక్కడికి సాప్ గొట్టం లాగే దారి చూడాలి.