ఐబీఎస్-సి (మలబద్ధకం, కడుపునొప్పి కలిసి ఉండే పేగు సమస్య): నా కడుపుకి ఏది పడట్లేదో కనిపెట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది

పోయిన కార్తీక మాసం అయిపోయి, పోలి పాడ్యమికి దీపాలు వదిలిన మర్నాడు మా ఇంట్లో నెల తర్వాత మొదటిసారి ఉల్లిపాయలు తరిగారు. బంగాళాదుంప ఉల్లిపాయ కూర, వెల్లుల్లి తాలింపు వేసిన టమాటా పప్పు. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను, సాయంత్రం ఆరింటికల్లా పొట్ట డప్పులా బిగిసిపోయింది, చీర కుచ్చిళ్ళు వదులు చేసుకుని పడుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు మోషన్ లేదు. అప్పుడు వెలిగింది నాకు, అసలు ఆ నెలంతా నాకు ఉబ్బరమే లేదు కదా అని.

నాకీ బాధ రెండేళ్ళకి పైనే ఉంది. నాలుగు రోజులకి ఒకసారి మోషన్, అదీ మేక పెంటికల్లాగా, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉండటం, బొడ్డు కింద మెలిపెట్టే నొప్పి. మొదట చూపించుకున్న డాక్టర్ గారు టెన్షన్ తగ్గించుకోమ్మా అని గ్యాస్ టాబ్లెట్ రాసి పంపేశారు, ఆ మాటకి నేను చాలా బాధపడ్డాను ఎందుకంటే నొప్పి నిజంగానే ఉంది. తర్వాత గ్యాస్ట్రో డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన కూర్చోబెట్టి అన్నీ అడిగారు. రక్తం పడుతోందా, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా, ఐరన్ కాల్షియం టాబ్లెట్లు వాడుతున్నావా (ఇవి కూడా మలబద్ధకం చేస్తాయంట). హిమోగ్లోబిన్, థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బుకి రక్త పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించారు, అన్నీ నార్మల్. మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజు నొప్పి, అది మోషన్‌తో ముడిపడి ఉండటం, గట్టిగా రావడం, వీటిని బట్టి ఐబీఎస్-సి అన్నారు, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో మలబద్ధకం రకం. ఒక్కటి మాత్రం చెప్తాను, సీలియాక్ టెస్ట్ గోధుమ తింటున్న రోజుల్లోనే చేయించుకోవాలి, చపాతీ మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా దొరక్కపోవచ్చు. రక్తం పడటం, బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలవడం లాంటివి ఉంటే తిండి ప్రయోగాలు పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందే నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే, ఏది తిన్నాక నొప్పి వస్తే దాన్ని మానేయడం. పొద్దున ఇడ్లీ తిన్న అరగంటకి మెలిపెడితే ఇడ్లీ మానేశాను, జామకాయ తిన్నరోజు ఉబ్బరిస్తే జామకాయ, వంకాయ, పాలు, గుడ్డు... చివరికి అన్నం, చారు, మజ్జిగ మిగిలాయి. 61 కిలోలు ఉండేదాన్ని 56కి వచ్చాను. పైగా ఫైబర్ కావాలని రాత్రిపూట అన్నం మానేసి మూడు చపాతీలు, పొద్దున గోధుమ ఊక బిస్కెట్లు, ఇంకా బిగుసుకుపోయింది. డాక్టర్ గారు పంపిన డైటీషియన్ మేడమ్ చెప్తేగానీ అర్థం కాలేదు. తినగానే వచ్చే మెలి చాలాసార్లు ఆ పదార్థం వల్ల కాదంట, పొట్టలోకి ఏది పడినా పెద్దపేగు కదులుతుంది, అది మామూలే, మన పేగు దాన్ని నొప్పిగా పట్టుకుంటుంది. తిన్నది పెద్దపేగుకి చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది, అక్కడ బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేసేది ఆ తర్వాత. అంటే పొద్దున ఇడ్లీ మీద వేసిన నింద అంతకుముందు రాత్రి చపాతీ ఉల్లికూరదై ఉండొచ్చు. మనలాంటి మోషన్ నెమ్మదిగా ఉండేవాళ్ళకి ఇంకా కష్టం, ఈరోజు వచ్చేది ఎప్పుడో మూడు నాలుగు రోజుల కిందటి తిండిది.

అందుకే డిసెంబర్‌లో రెండు వారాలు ఏమీ మార్చకుండా ఒక నోట్‌బుక్‌లో రాశాను. ఏం తిన్నాను, ఎన్ని గరిటెలు, ఎన్నింటికి, ఉబ్బరం పదికి ఎంత, మోషన్ ఏ రకం, నిద్ర, పీరియడ్ ఎన్నో రోజు. మోషన్‌కి 1 నుంచి 7 వరకు బ్రిస్టల్ చార్ట్ అని ఉంది, 1, 2 అంటే గట్టి ఉండలు, 3, 4 బాగున్నట్టు, 6 మెత్తగా పలచగా, 7 నీళ్ళలాగా. నాకు ఆ రెండు వారాల్లో నాలుగే ఎంట్రీలు, మూడు 1, ఒకటి 2. పీరియడ్ కాలమ్ మేడమ్ పట్టుబట్టి పెట్టించారు, తర్వాత అదే నన్ను కాపాడింది.

ఆ తర్వాత ఫాడ్‌మ్యాప్ డైట్. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసింది. సరిగ్గా అరగకుండా పెద్దపేగుకి వెళ్ళి పులిసే కొన్ని రకాల చక్కెరలు, పిండి పదార్థాలు ఉంటాయి, వాటిని నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి చూస్తారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ ఒక గుంపు, పప్పులు శనగలు రాజ్మా ఒకటి, పాలు ఒకటి, మామిడి, తేనె ఒకటి, కాలీఫ్లవర్ పుట్టగొడుగులు ఇంకొకటి. సంక్రాంతి అయ్యాకే మొదలుపెట్టాను, పండగ పూట ఇంట్లో వాళ్ళకి పేచీ ఎందుకని.

అత్తయ్య ఏమంటారో అని భయపడ్డాను. ఆవిడ విని, "పథ్యం అంటే ఇదేగా అమ్మాయ్, మా అమ్మ బాలింతలకి పెట్టేది, ఒకటొకటే అలవాటు చేసేది" అన్నారు. ఆరోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. కార్తీక మాసం వంట మాకు అలవాటే కాబట్టి సగం పని అయిపోయింది, పులిహోర, దోసకాయ కూర, బెండకాయ వేపుడు, పెసరకట్టు కొంచెం, కొబ్బరి పచ్చడి కొంచెం. బయట కొన్న సాంబార్ పొడిలో వెల్లుల్లి ఉందని ఇంట్లోనే కొట్టుకున్నాం. ఇంగువ డబ్బా మీద చూస్తే మైదా ఉంది, బియ్యప్పిండి కలిపింది వెతికి తెచ్చుకున్నాను. ఇంకోటి, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నీళ్ళలో కరుగుతుంది, నూనెలో కరగదు, అందుకని తాలింపు నూనెలో రెబ్బలు వేయించి, కూరలో చారులో కలపకముందే తీసి పారేస్తే వాసన వస్తుంది, కడుపుకి ఏం కాదు. ఇది తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషించారు.

కానీ మలబద్ధకం రకం వాళ్ళకి ఇక్కడే పెద్ద గుంట ఉంది, నేను అందులో పడ్డాను. మొదటి పది రోజుల్లో ఉబ్బరం ఎనిమిది నుంచి మూడుకి వచ్చింది, నొప్పి తగ్గింది, మోషన్ మాత్రం పూర్తిగా ఆగిపోయింది, ఐదు రోజులు. గోధుమ, పప్పు, కొన్ని పళ్ళు తీసేస్తే ఫైబర్ కూడా పోతుంది కదా. మేడమ్ ఇసబ్గోల్ అర చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో రెండు చెంచాలకి తీసుకెళ్ళారు, పెద్ద గ్లాసు నీళ్ళతో, నీళ్ళు తక్కువైతే అదే అడ్డం పడుతుంది. రోజుకి రెండు పచ్చ కివీలు, బొప్పాయి, రాగి సంకటి, కాళ్ళ కింద చిన్న స్టూల్ పెట్టుకుని కూర్చోవడం, పొద్దున టిఫిన్ అయ్యాక రోజూ ఒకే టైమ్‌కి వెళ్ళడం. డాక్టర్ గారు పడుకునేముందు నీళ్ళలో కలుపుకునే పౌడర్ కూడా ఇచ్చారు. మూడో వారానికి రోజు విడిచి రోజు, రకం 3. రెండేళ్ళలో మొదటిసారి, నిజంగా ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి చివర్లో పరీక్షలు మొదలు. ఒక్కో పదార్థం మూడు రోజులు, మొదటిరోజు కొంచెం, రెండోరోజు ఇంకాస్త, మూడోరోజు మామూలుగా తినేంత, తర్వాత మూడు రోజులు ఖాళీ. మిగతా తిండి అంతా పాత పథ్యమే, అది తప్పితే ఏదేంటో తేలదు. ముందు పాలు, గ్లాసుడు తాగినా ఏమీ కాలేదు, రెండేళ్ళు టీ మానేసింది ఊరికే. వెల్లుల్లికి రెండోరోజే పొట్ట ఉబ్బింది, కొట్టేద్దామనుకున్నాను, కానీ నోట్‌బుక్ చూస్తే పీరియడ్‌కి రెండు రోజుల ముందు, ఆ రోజుల్లో నాకు ఎలాగూ బిగుస్తుంది. పదిరోజులాగి మళ్ళీ చేస్తే ఒక రెబ్బ దాకా పర్వాలేదు, మూడు రెబ్బలకి కష్టం. ఉల్లిపాయ మాత్రం ఖచ్చితం, రెండు చెంచాల ముక్కలకే సాయంత్రానికి పొట్ట బిగిసింది, మూడోరోజు దాకా వెళ్ళనే లేదు. ఉల్లికాడల ఆకుపచ్చ భాగం పడుతోంది, అదే వేసుకుంటున్నాను. చపాతీ ఒకటి సరే, మూడైతే మర్నాటికి రాయే. కాలీఫ్లవర్ పడలేదు. కందిపప్పు పప్పుచారులో బాగుంది, ముద్దపప్పు రెండు గరిటెలు దాటితే పడదు. శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి ఉడికిస్తే ఒక గుప్పెడు తినగలుగుతున్నాను. నేను మానేసిన వంకాయ, జామకాయ, ఇడ్లీ, గుడ్డు ఏవీ నాకు శత్రువులు కావు, అన్నీ వెనక్కి వచ్చాయి, ఇప్పుడు 59 కిలోలు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఏప్రిల్‌లో. అదే ముద్దపప్పు, అదే గరిటెన్నర, ఒక వారం ఏమీ చేయలేదు, ఇంకో వారం రాత్రంతా నొప్పి. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పప్పులో లేదు, రెండోసారి అప్పటికే మూడు రోజులుగా మోషన్ లేదు. పేగు నిండి ఉన్నప్పుడు గ్యాస్ కిందికి కదలదు, పులియడానికి టైమూ ఎక్కువ దొరుకుతుంది అని మేడమ్ అన్నారు. అప్పటినుంచి నేను కొత్తది ఏదైనా పరీక్షించాలంటే ముందు రెండు రోజులు మోషన్ సాఫీగా ఉందో లేదో చూస్తాను, లేకపోతే వాయిదా. నా లెక్కలో సగం పదార్థాలు ట్రిగ్గర్లలా కనిపించింది అవి పడకపోవడం వల్ల కాదు, కింద దారి మూసుకుపోయి ఉన్నప్పుడు తినడం వల్ల. ఐబీఎస్-సి ఉన్నవాళ్ళు ఇంకేమీ రాయకపోయినా తిండి పక్కన మోషన్ కాలమ్ మాత్రం తప్పకుండా రాసుకోండి. అలాగే రోజంతటి మొత్తం చూసుకోవాలి, పొద్దున ఒక చపాతీ, మధ్యాహ్నం వెల్లుల్లి, రాత్రి పప్పు, విడివిడిగా పడేవే మూడూ కలిస్తే పడవు.

మేలో ఆవకాయ పెట్టినప్పుడు అత్తయ్య అడగకుండానే ముందు ఒక చిన్న జాడీకి వెల్లుల్లి వేయకుండా కలిపి, మూతకి ఎర్రదారం కట్టి పక్కన పెట్టారు. మామిడిపండు సగం వరకు పడుతోంది. సీతాఫలం ఇంకా చూడలేదు, కాయలు వచ్చాక మూడు రోజుల పరీక్ష పెట్టుకుంటాను.