దేని మూత దానికే

బెజవాడ వాళ్లకి బొమ్మలంటే కొండపల్లే. సంక్రాంతి కొలువులో దశావతారాలూ అంబారీ ఏనుగూ లేకపోతే మా అమ్మకి పండగ పండగలా ఉండేది కాదు. ఆ ఇంట్లో పుట్టిన నేను లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక దాకా ఎందుకు వెళ్లానంటే, ఒళ్లు మండి వెళ్లాను.

చిన్నమ్మాయి పెళ్లికి ముత్తైదువలకి ఇద్దామని, మా ఊళ్లోనే ఒక షాపులో 'అసలైన ఏటికొప్పాక' అంటే నమ్మి రెండు కుంకుమ భరిణెలు కొన్నాను. ఒక్కోటి 120. తడి చేత్తో పట్టుకుంటే రంగంతా వేళ్లకి అంటింది. వెళ్లి అడిగితే, "కుంకుమ భరిణే కదండీ, ఎరుపు అంటితే ఏముంది?" అన్నాడు. ఆ జవాబుకే మర్నాడు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

తునిలో దిగి బస్సులో అడ్డరోడ్డు. అక్కడ ఆటో 200 అన్నాడు, 150కి వచ్చాడు, దారంతా ఆ యాభై కోసం సణిగాడు. ఊరు దగ్గర పడేసరికి మాత్రం హుషారొచ్చింది. "2025 రిపబ్లిక్ డేకి మా బొమ్మలే ఢిల్లీలో శకటం మీద ఊరేగాయి, టీవీలో చూశారా అమ్మగారూ? మా రాజుగారికి 2023లో పద్మశ్రీ కూడా ఇచ్చారు." సి.వి. రాజు గారి సంగతి. చెట్ల రంగుల్ని మళ్లీ ఈ పనిలోకి తెచ్చిన మనిషి.

నేను వెళ్లింది మాత్రం వీధి చివర రేకుల షెడ్డుకి. డెబ్బై ఏళ్ల పెద్దాయన లేతు మిషను ముందు కూర్చుని ఉన్నాడు, ఒళ్లంతా పొట్టు.

"భరిణె ఎంత బాబాయ్?"

"తొంభై తల్లీ."

"నలభై భరిణెలు తీసుకుంటాను, ఒక్కోటి అరవై చేసుకోండి."

ఆయన బేరమాడలేదు. "కూకో" అని అంకుడు కర్ర ముక్క ఒకటి మిషనుకి బిగించాడు. మా కొండపల్లిలో తెల్లపొణికి కర్రని ఉలితో చెక్కి, అవయవాలు అతికించి, కుంచెతో రంగు వేస్తారు. ఇక్కడ కుంచె అన్నదే లేదు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టేసింది. పసుపుతో పసుపుపచ్చ, జాఫ్రా గింజలతో ఎరుపు. ఆఖర్న మొగలి ఆకు మడిచి ఒత్తి పట్టాడు, అద్దంలా తేలింది. నేను కావాలనే చెయ్యి తడుపుకుని రుద్దాను. వేళ్లకి ఏమీ అంటలేదు. ఆయన నా వంక చూసిన చూపు చెప్పను.

ఫోన్లో చూస్తే పది నిమిషాలు. గంటకి ఆరు, రోజుకి ఇన్ని అని నా కక్కుర్తి బుర్ర లెక్కేస్తోంది. పైకే అనేశాను కాబోలు, లోపల్నుంచి ఆయన భార్య అందుకుంది. "కర్ర ఎండబెట్టింది, లక్కలో రంగు కలిపింది ఎవులమ్మా? అది లెక్కలోకి రాదేటి?" అంకుడు కూడా అడివిలో ముందున్నట్టు దొరకట్లేదట. సిగ్గేసింది గానీ, పదిరూపాయలు మాత్రం వదల్లేదు. 80కి తెగింది. సిద్ధంగా ఉన్నవి ఇరవై ఆరే, మిగతావి పది రోజుల్లో పార్సిల్ చేస్తానన్నాడు.

సంచిలో సర్దుతూ ఆయన ఒకటే చెప్పాడు: "మూతలు కలపకు తల్లీ. దేని మూత దానికే."

సాయంత్రం రైల్లో ఎదురు సీటు పిల్ల చూస్తానంటే ఆరు భరిణెలు ఒళ్లో పెట్టాను. చిన్నప్పుడు తిరనాళ్లలో కొన్న లక్కపిడతలు గుర్తొచ్చి, నేనూ దాంతో పాటు మూతలు తీసి పెట్టడం మొదలెట్టాను. టప్ మని మూసుకునే ఆ చప్పుడు కోసమే. సామర్లకోట వచ్చేసరికి ఆరు మూతలూ కలిసిపోయాయి. పైకి అన్నీ ఒక్కలానే ఉన్నాయి. పెడితే ఒకటి దిగదు, ఇంకొకటి గలగలలాడుతుంది. రాజమండ్రికి మూడు జతలు కుదిరాయి. గోదావరి బ్రిడ్జి మీద నాలుగోది. నిడదవోలు దాటాక పక్కావిడ కూడా సాయం పట్టింది.

ఏలూరు వచ్చినా ఇంకా రెండు మిగిలే ఉన్నాయి.