ముసురు రోజు, మూడు పులుపులు

ఆదివారం. తెల్లారినప్పటి నుంచి ముసురు వదల్లేదు. కాలవకి ఎర్రనీళ్లు తగిలాయి. వంట మూడు రకాలు: కందిపప్పు, కంద బచ్చలి, శీలావతి చేపల పులుసు. మూడింటికీ చింతపండే. అందులో పుల్లదనం చాలావరకు టార్టారిక్ ఆమ్లానిది. ఏ వంటలో ఎంత వేశామన్నదాని కంటే ఎప్పుడు వేశామన్నదే రుచినీ మెత్తదనాన్నీ తేలుస్తుంది.

ముందు పప్పు. గ్లాసు పప్పుకి మూడు గ్లాసులు నీళ్లు, అరగంట నాన, కుక్కర్లో నాలుగు కూతలు. చింతపండు రసం, మామిడికాయ ముక్క, టమాటా ఏదైనా సరే, పప్పు మెదిగాకే పడాలి. గింజలో కణానికీ కణానికీ మధ్య సిమెంటులా పట్టి ఉంచేది పెక్టిన్. అది కరిగి కణాలు విడిపోతేనే పప్పు మెదుగుతుంది. పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 ప్రాంతంలో పెక్టిన్ అన్నిటికంటే నిదానంగా కరుగుతుంది. పులుపు ముందే వేస్తే పప్పునీళ్లు అటే జారతాయి. ఇక ఎన్ని కూతలు వచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది.

పులుపు వేయకుండానే ఉడక్కపోతే తప్పు నీళ్లది కావచ్చు, లేదా పప్పు పాతబడి ఉండొచ్చు. బోరు నీళ్లలోని కాల్షియం పెక్టిన్ గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ నీళ్లని పది నిమిషాలు మరగకాచి, తేరాక పైనీళ్లు వంచుకుంటే గరుకుదనం కొంత తగ్గుతుంది. వడకట్టి కాచిన కాలవ నీళ్లు ఉంటే అవే మేలు. చిటికెడు సోడా వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే, ఎందుకంటే క్షారంలో పెక్టిన్ గబగబా తెగుతుంది. కానీ బి1 విటమిన్ దెబ్బతింటుంది, సబ్బు రుచి కూడా తగులుతుంది. పప్పుకి సోడా వేయకపోవడమే మంచిది.

కంద బచ్చలికి అరకిలో కంద. చేతులకి నూనె రాసుకుని, తొక్క మందంగా చెక్కాలి. దురదకి మూలం కణాల్లో కట్టలు కట్టలుగా ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు. అవి నీళ్లలో కరగవు, చింతపండు పులుపులోనూ కరిగేది బహు తక్కువ. అందుకని దురద పోతుందని మొదట్లోనే పులుసు పోయడం నాకు నచ్చదు. ముక్క గట్టిపడిపోయి సగం ఉడికిన కంద మిగులుతుంది, గొంతు గీరేది అలాంటి కందే. ముక్కలు మునిగేలా నీళ్లు పోసి, పసుపు వేసి, వేలితో నొక్కితే చితికేదాకా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. అప్పుడు బచ్చలి తరుగు. అది మగ్గాక చిక్కటి చింతపండు గుజ్జు.

ఆఖరున ఆవ. అసలు కూరకి పేరు తెచ్చేది అదే. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. ఘాటుకి కావలసిన పదార్థం ఒక చోట, దాన్ని విడగొట్టే ఎంజైము మరో చోట దాగి ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. చెంచాన్నర ఆవాలు చన్నీళ్లతో నూరి పది నిమిషాలు వదిలేయాలి. వేడినీళ్లు పోస్తే ఎంజైము చస్తుంది, ఘాటు పుట్టదు. నూరేటప్పుడే పులుపు తగిలినా ఎంజైము నెమ్మదిస్తుంది. ఘాటు పుట్టాక పులుపు తగిలితే మాత్రం ఆ ఘాటు ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి కూర దించి, ఆవిరి తగ్గాకే ఆవ కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు ఆవిరితో ఎగిరిపోతుంది.

చేపది వేరే లెక్క. అందులో పెక్టిన్ లేదు, గోడలున్న కణాలూ లేవు. పొట్టి కండపోగులు, వాటి పొరల మధ్య వాటిని పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీను, అదీ పల్చగా. పులుపు తగిలితే ప్రోటీను ముడుచుకుని గట్టిపడుతుంది, పులుసులో ముక్క విడిపోకుండా నిలవడానికి అది కొంత సాయమే. కిలో ముక్కలకి ఉప్పు, పసుపు, ఒక నిమ్మచెక్క పట్టించి పది నిమిషాల్లో కడిగేయాలి. అరగంట దాటితే పైపొర తెల్లబడి, నీరు ఊడి, పీచులా తయారవుతుంది. చెరువు చేపకి ఉండే మట్టివాసన జియోస్మిన్‌ది. ఆమ్లంలో అది విరిగిపోతుంది. సముద్రపు చేప నీచువాసన ట్రైమిథైలమీన్‌ది. ఆమ్లంతో కలిస్తే అది ఆవిరై ముక్కుకి చేరలేదు. ఏ చేపకైనా పులుసే ఎందుకు కుదురుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పులుసు ముందే మరిగి చిక్కబడాలి. బెండకాయలు నిలువునా వేస్తే ఆ పులుపులో చితకవు, జిగురూ తగ్గుతుంది. ఆ తర్వాత ముక్కలు జార్చి, సన్నసెగ మీద పన్నెండు పదిహేను నిమిషాలు. చేప కొలాజెన్ మాంసంలోదాని కంటే చాలా తక్కువ వేడికే కరిగి జిగురవుతుంది. ఇక పొరలు పట్టు వదిలేస్తాయి కాబట్టి గరిటె పెట్టకూడదు, గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని కుదపాలి. మర్నాటికి ఆ జిగురే పులుసుని చిక్కబరుస్తుంది.

రేపటికి గోంగూర మాంసం. మేకమాంసం పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. ఇంకాస్త పులుపు తగిలి 5.2 దరిదాపులకి దిగితే కండ నీటిని అతి తక్కువగా పట్టి ఉంచుతుంది, ముక్క బిగుస్తుంది. మాంసం పూర్తిగా ఉడికాకే గోంగూర కలపాలి. ఆకు రంగు మారుతుందని దిగులు అక్కర్లేదు. దాని ఆమ్లం కణం లోపలి సంచిలో ఉంటుంది. వేడికి సంచి చిరిగి ఆమ్లం పచ్చదనం మీద పడుతుంది, పత్రహరితంలోని మెగ్నీషియం ఊడుతుంది, ఆకు గోధుమ రంగుకి తిరుగుతుంది. వండేది స్టీలు గిన్నెలోనో మట్టికుండలోనో. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో అయితే రాగి కూరలోకి దిగుతుంది. ఈ రాత్రికి ఆకు వలిచి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టడం వరకే. తరగడం పొయ్యి వెలిగించాకే.