స్కీ ప్యాంటు కొంటున్నారా? ముందు కాలి మడత తిప్పి చూడండి

డెన్వర్‌లో కొత్తగా స్కీయింగ్ మొదలుపెట్టే తెలుగువారు నవంబరు రాగానే ఏ జాకెట్ కొనాలని నన్ను అడుగుతారు. జాకెట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్యాంటుకు డబ్బు తీయండి అంటాను. కొండ మీద జాకెట్‌కు తగిలేది చాలావరకు గాలీ మంచే. ప్యాంటు అలా కాదు. లిఫ్టు కుర్చీ, స్కీల ఉక్కు అంచులు, పార్కింగులో కంకర, అన్నీ దాని మీదే పడతాయి.

వారాంతాల్లో నేను లవ్‌లాండ్ వ్యాలీలో చిన్నపిల్లలకు స్కీయింగ్ నేర్పుతాను. డెన్వర్ నుంచి వెళ్తుంటే అది ఐ-70 రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగానికి కాస్త ముందే ఉంటుంది. పిల్లలకు నేర్పడమంటే సగం పని మోకాళ్ళ మీదే. బూటు బకిల్స్ బిగించాలి, బూటు అడుగున గడ్డకట్టిన మంచు గీకాలి, పడినవాళ్ళను లేపాలి. లేపేటప్పుడు వాళ్ళ స్కీలు మన పిక్కల మీదుగా పోతాయి. ఇంత వాడకానికి ఏ ప్యాంటు ఆగుతుందో చెప్పేది ధర చీటీ కాదు, ప్యాంటు కాలి కింది మడత.

చీలమండ దగ్గర లోపలివైపు చూడండి. ఒక కాలి స్కీ అంచు రెండో కాలి ప్యాంటును కోసేది అక్కడే. మంచి ప్యాంటుకు ఆ చోట వేరే రంగులో, చేత్తో నలిపితే గరుకుగా బిర్రుగా ఉండే మందపాటి పట్టీ ఉంటుంది. అది కనీసం జానెడు ఎత్తుండాలి. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ అలంకారానికే పనికొస్తుంది. నేను ఇంతకుముందు వాడిన ఒక ప్యాంటుకు పట్టీయే లేదు. ఫిబ్రవరికల్లా మడత కోసుకుపోయి పోగులు వేలాడాయి. ఆ పోగుల వెంట నీళ్ళు పైకి పాకి సాయంత్రానికి పిక్క దాకా తడిసేది.

పట్టీకి వాడే గుడ్డ తరచుగా కార్డ్యూరా అనే గట్టి రకం నైలాన్. మందం తెలియాలంటే డీనియర్ సంఖ్య చూడండి. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. పట్టు నేసేవారికి బాగా తెలిసిన లెక్కే. ప్యాంటు మొత్తానికి 70 లేదా 150 డీనియర్ గుడ్డ ఉన్నా చాలు, రాపిడి తగిలేచోట 500 ఉంటే నిశ్చింత. నైలాన్, పాలిస్టర్ రెండూ ఒకే బరువులో ఉంటే రాపిడికి ఎక్కువగా నిలిచేది నైలానే. చీటీ మీద పెద్ద అక్షరాలతో ఉండే 10,000, 20,000 మిల్లీమీటర్లు అనే అంకెలు నీటి ఒత్తిడిని గుడ్డ ఎంతవరకు ఆపుతుందో చెబుతాయి. రాపిడి గురించి అవి ఒక్క ముక్క కూడా చెప్పవు.

చలికి దూదిలాంటి పొర దట్టించిన ప్యాంట్లను నేను ఎవరికీ సూచించను. చిరిగితే లోపలి దూది బయటికొస్తుంది, అతుకు సరిగా కూర్చోదు. పైపొర మాత్రమే ఉన్న ప్యాంటు కొని, చలిని బట్టి లోపల ఉన్ని థర్మల్ వేసుకోవడమే మేలు. భుజాల పట్టీలున్న బిబ్ ప్యాంటయితే ఇంకా మంచిది. నడుము జారదు కాబట్టి మడత మడమ కిందికి పోయి నలగదు. పొడవు చూసేటప్పుడు స్కీ బూట్లు తొడుక్కునే చూడాలి, అందుకు దుకాణానికి బూట్లు మోసుకెళ్ళక తప్పదు. అక్కడే కాళ్ళు బాగా మడిచి కూర్చోండి. కాళ్ళ మధ్య కుట్లన్నీ ఒకే చోట కలవకుండా విడిగా ఒక ముక్క వేసి కుట్టి ఉంటే, అక్కడ పిగలడం తక్కువ.

కొన్నాక ఉతకడానికి భయపడవద్దు. మురికి, చేతుల జిడ్డు పట్టిన గుడ్డ నీటిని పీల్చుకుంటుంది. గుడ్డకు నీళ్ళూ జిడ్డూ అంటకుండా పూతల్లో వాడుతూ వచ్చిన పీఫాస్ అనే రసాయనాలున్న దుస్తులను 2025 నుంచి కాలిఫోర్నియా చాలావరకు నిషేధించింది. వాటి బదులు వస్తున్న కొత్త పూతలకు జిడ్డంటే అసలు పడదు, కాబట్టి ఇంకా తరచుగా ఉతకాలి. బట్టలు మెత్తబరిచే ద్రవం మాత్రం వాడకండి. ఉతికాక చీటీ మీద చెప్పినట్టు తక్కువ వేడిలో ఆరబెడితే నీటి బొట్లు మళ్ళీ జారిపోతాయి. చిన్న కోత పడితే అదే రోజు అంటుకునే నైలాన్ ముక్క వేయండి. ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించాలి, కోణాలుంటే అక్కడినుంచే లేస్తుంది.

ఏ కంపెనీ మంచిదని అడిగేవారికి నా సలహా ఒకటే. ఏప్రిల్‌లో, సీజను ముగిసేవేళ, పాత స్కీ సామాను అమ్మే దుకాణానికి వెళ్ళండి. వేలాడుతున్న ప్యాంట్లను ఒక్కొక్కటిగా తిరగేయండి. మోకాలి రంగు వెలిసి, కూర్చునే చోటు అరిగి కూడా చీలమండ పట్టీ చెక్కుచెదరకుండా ఉన్న ప్యాంటు కనబడితే, దాని పేరు రాసుకోండి. మీ కొలతకు సరిపోతే అదే కొనుక్కోండి.