తొట్టిలో మేట

శనివారం.

పొద్దున్నే కాఫీ కప్పుతో ఉప్పునీటి చేపల ట్యాంక్ ముందు నిలబడితే ఎడమ మూల మళ్లీ ఎర్రగా కనిపించింది. రాళ్ల వెనకాల, ఇసుక మీద, ఎవరో తాంబూలం నమిలి ఉమ్మినట్టు అరచేయంత పొర. మూడు వారాల్లో ఇది మూడోసారి. ప్రతి శనివారం సన్న గొట్టం పెట్టి పీల్చేస్తాను, బుధవారానికల్లా మళ్లీ హాజరు. అందరూ దీన్ని ఎర్ర నాచు అంటారు కానీ ఇది నాచు కాదు, సయనోబాక్టీరియా. లైట్లు వెలిగాక ఒంటి నిండా సన్న బుడగలు పట్టుకుని పట్టుబట్టలా మెరుస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కూడా. ఒళ్లు మండేది అందుకే.

నీళ్లు టెస్ట్ చేశాను. ఉప్పు 35, ఆల్కలినిటీ 8.3, కాల్షియం 420, ఈ మూడూ బాగానే ఉన్నాయి. నైట్రేట్ 20 దగ్గర ఉంది, ఫాస్ఫేట్ 0.15. ఫాస్ఫేట్ కాస్త ఎక్కువే. కానీ ట్యాంకంతా అవే నీళ్లు కదా, ఆ మూలే ఎందుకు పడుతోంది?

తొమ్మిదింటికి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇక్కడ డాలస్‌లో పొద్దున్న తొమ్మిదంటే కోనసీమలో రాత్రి ఏడున్నర, నాన్న భోజనానికి ముందు అరుగు మీద కూర్చునే టైమ్. ఫోను ట్యాంక్‌కేసి తిప్పి మాట్లాడుతున్నాను. ఆయనకి చేపలంటే పులుసులో వేసేవే, ఈ రంగు చేపల మీద ఆసక్తి లేదు. అలాంటిది ఉన్నట్టుండి "ఒరేయ్, ఆ మూల మేట వేసిందేంట్రా?" అన్నారు.

"మేట కాదు నాన్నా, అదో రకం బాక్టీరియా."

"ఏదైతేనేం. దాని కింద చూడు, ఒండ్రు పడింది. నీళ్లు కదలట్లేదక్కడ. ఎదురుగా అంత గోడ కట్టావు, నీళ్లెలా పోతాయి? ఒక మడవ అయినా పెట్టవా?"

నలభై ఏళ్లు బోదెలు తీసి, మడవలు కట్టి, తెంపి, పక్క చేను వాళ్లతో నీళ్ల కోసం గొడవ పడ్డ మనిషి. నాకేమో చేతిలో టెస్ట్ కిట్లు నాలుగు.

గోడ అన్నమాట నిజమే. 2022లో ఈ ట్యాంక్ పెట్టినప్పుడు 60 పౌండ్ల డ్రై రాక్, అంటే కన్నాలున్న ఎండురాయి, కొన్నాను. ట్యాంక్ 75 గ్యాలన్లది, నాలుగడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు. గ్యాలన్‌కి ఒక పౌండ్ రాయి అనేది ఈ పిచ్చి ఉన్నవాళ్లలో పాత లెక్క, నాది దానికి తక్కువే. అయినా డబ్బులు పెట్టి కొన్నాక ఒక్క రాయి కూడా బయట ఉంచబుద్ధి కాలేదు. వెనక గాజుకి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి ప్రహరీ గోడలా పేర్చేశాను. అమ్మ అప్పుడే చూసి "బొమ్మల కొలువు మెట్లలా ఉందిరా" అంది. మెచ్చుకుందనుకున్నాను.

నీళ్లు తిప్పడానికి వేవ్‌మేకర్లు రెండున్నాయి. ఒక్కోటి గంటకి 1,000 గ్యాలన్లు తోస్తుంది. అంటే ట్యాంకులో నీళ్లన్నీ గంటకి 26 సార్లు తిరిగినట్టు. పగడాలున్న ట్యాంక్‌కి ఈ లెక్క సరిపోతుందని చదివి నిశ్చింతగా ఉన్నాను. ఆ తిరిగేదంతా గోడకి ముందువైపే తిరుగుతోందన్న ఆలోచన రాలేదు. వెనకాల రాళ్లకీ గాజుకీ మధ్య చేపల రెట్ట, తినకుండా మిగిలిన మేత పోగుపడి కుళ్లుతున్నాయి. ఎర్రపొరకి అంతకంటే ఏం కావాలి?

రాళ్లు అలంకారానికి కూడా కాదు మరి. 1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన, ఫిల్టర్ పెట్టెలేవీ లేకుండా సముద్రంలోంచి తెచ్చిన, బాక్టీరియా నిండిన "బతికున్న" రాళ్లు, గాలి బుడగలతోనే ట్యాంకులు నడిపే పద్ధతి గురించి రాశారు. ఈ రోజు నా ట్యాంక్‌లో జరిగేది కూడా దాదాపు అదే. రాయి పైపొరలో ఉన్న బాక్టీరియా చేపల అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. గాలి అందని లోపలి రంధ్రాల్లో వేరే రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్‌గా మార్చి బయటికి పంపుతుంది. ఇదంతా రాయి చుట్టూ నీళ్లు ఆడితేనే. నా రాళ్లలో సగం రెండేళ్లుగా గోడకేసి తిరిగి కూర్చున్నాయి.

సరే, తీసేద్దామనుకున్నాను. పదిన్నరకి పంపులన్నీ ఆపాను. బాటరీతో నడిచే గాలి పంపు ఒకటి చేపలు ఉండబోయే టబ్బులో వేశాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకి టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఎంతోమంది ట్యాంకులు గడ్డకట్టే చలికి పోయాయి. ఆ కథలు విన్నాకే ఈ ట్యాంక్ పెట్టాను కాబట్టి, రాళ్ల కంటే ముందు కొన్నది ఆ బాటరీ పంపు.

ఇంత ముందుచూపు ఉన్నవాడు చేసిన పని ఇది: పంపు ఆపిన రెండో నిమిషానికి సంప్, అంటే ట్యాంక్ కింద ఉండే రెండో తొట్టి, పొంగి నేలంతా నీళ్లు. పోయిన నెల చప్పుడు తగ్గుతుందని సంప్‌లోంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతిని రెండంగుళాలు లోపలికి దించాను. పంపు ఆగితే ఆ మూతి గాలి పీల్చేదాకా పై నీళ్లు వెనక్కి కిందకి దిగుతూనే ఉంటాయి. రెండంగుళాలంటే చిన్నమాటే, కానీ ఈ వైశాల్యానికి ఏడెనిమిది గ్యాలన్లు. మా ఆవిడ తువ్వాళ్లు తెచ్చి పడేస్తూ "ఇల్లు ఉప్పుటేరు చేశారు కదండీ" అంది. కోపంగా కాదు, అలవాటైపోయిన గొంతుతో. అది ఇంకా కష్టం.

రాళ్లు ఒక్కొక్కటే తీసి టబ్బుల్లో పెడుతుంటే ఆవిడే "వేడినీళ్లు పోసి శుభ్రంగా కడిగేయొచ్చుగా" అంది. వద్దే వద్దన్నాను. బాక్టీరియా చచ్చిపోతే ట్యాంక్ మొదటికొస్తుంది, అదొకటి. ఇంకోటి, రెండు రాళ్ల మీద జోయాంథిడ్లు గుత్తులుగా పెరిగి ఉన్నాయి, పగడాలకి చుట్టాలు, చూడ్డానికి చిన్న బంతిపూలలాంటివి. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అలాంటి రాళ్లని మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. అందుకే గ్లవ్స్, కళ్లజోడు పెట్టుకునే పని చేస్తాను. ఈ విషం సంగతి నాన్నకి ఇంతవరకూ చెప్పలేదు.

గ్లవ్స్ ఉన్నా మణికట్టు దగ్గర బ్రిసిల్ వార్మ్ అనే ముళ్లపురుగు గుచ్చింది. గొంగళిపురుగు రాసుకున్నట్టే, కనపడని సన్న ముళ్లు. సెల్లోటేప్ అంటించి లాగితే చాలావరకు వచ్చేశాయి. చిన్నది ఆ టేపుని స్కూల్‌కి తీసుకెళ్లి చూపిస్తానంది.

అసలు కంగారు రాయల్ గ్రామాతో వచ్చింది. ముందుసగం ఊదా, వెనకసగం పసుపు రంగు చేప, గుహ కనపడితే దాని పైకప్పుకి పొట్ట ఆనించి తలకిందులుగా నిలబడే రకం. చేపలన్నిటినీ పట్టి టబ్బులో వేశాం, ఇదొక్కటే లేదు. సంప్‌లో వెతికాం, వెనక నేల మీద వెతికాం. పావుగంట తర్వాత, అరగంట కిందట తీసిన పెద్దరాయిని టబ్బులో ఇటు తిప్పేసరికి ఒక కన్నంలోంచి ఊదారంగు ముక్కు బయటికొచ్చింది. ఇల్లుతో సహా మారిపోయింది మహాతల్లి. చిన్నది చప్పట్లు కొట్టింది. నాకు చెమట్లు పట్టాయి.

ఇసుక దగ్గరికొచ్చేసరికి ఇంకో తప్పు బయటపడింది. అప్పట్లో ముందు ఇసుక పోసి, దాని మీద రాళ్లు పేర్చాను. ఈ ట్యాంక్‌లో ఒక పిస్టల్ రొయ్య ఉంది, పంజా టప్ మని పేల్చే రకం, దానికి జోడీగా ఒక గోబీ చేప. రొయ్యకి చూపు అంతంతమాత్రం. అది బొరియ తవ్వుతూ ఉంటుంది, చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ చేపకి ఆనించి ఉంచుతుంది, చేప తోక ఆడిస్తే లోపలికి పారిపోతుంది. వీళ్ల కాపురం చూడ్డానికే మా ఇంటికొచ్చేవాళ్లున్నారు. ఆ కాపురం ఇప్పుడు ఎడమ చివర రాయి కింద సగం పునాది తోడేసింది. ఇంకో నెల ఆగితే పదిహేను పౌండ్ల రాయి ముందు గాజు మీదికి వాలేదేమో. ఇసుక పక్కకి తోసి, ఈసారి అడుగురాళ్లని నేరుగా గాజు మీద కూర్చోబెట్టాను.

పేర్చడం మూడు గంటలు పట్టింది. ముందు హాల్లో అట్టముక్క మీద ట్యాంక్ కొలత గీసుకుని, తడి తువ్వాలు కప్పుకుంటూ, రాళ్లు అటూ ఇటూ మార్చి చూశాను. గోడ పోయి రెండు దిబ్బలయ్యాయి. ఎడమవైపు పెద్దది, కుడివైపు చిన్నది, మధ్యలో నా జానెడు సందు. వెనక గాజుకి నాలుగంగుళాలు, పక్క గాజులకి గాజు తుడిచే అయస్కాంతం పట్టేంత ఖాళీ. పెద్ద దిబ్బ కింద అటు నుంచి ఇటు కనపడేలా ఒక సొరంగం. నాన్న అడిగిన మడవ ఇదే. కదిలే రాళ్లని సూపర్ గ్లూ జెల్, దాని మీద పిండిలాంటి ఎపాక్సీ ముద్ద, మళ్లీ గ్లూ పెట్టి అతికించాను. ఒక్క ఎపాక్సీతోనే నిలబెడదామని చూస్తే అరటిపండు తొక్క మీద కాలేసినట్టు జారిపోతుంది. రెండు రాళ్లు మిగిలిపోయాయి. ఎంత తిప్పినా వాటికి చోటు లేదు. వాటిని సంప్‌లో పడేశాను, అక్కడ వాటి పని అవి చేసుకుంటాయి.

సాయంత్రం నాలుగున్నరకి నీళ్లు నింపి పంపులు పెట్టాను. నాన్న మాట తలకెక్కి ఉంది కదా, రెండు వేవ్‌మేకర్లనీ ఎడమ పక్కనే బిగించి కాలువలా ఒకే దిక్కుకి తోయించాను. పది నిమిషాల్లో కుడివైపు ఇసుకంతా కొట్టుకుపోయి అడుగు గాజు బయటపడింది. ఇంకా దారుణం, టార్చ్ కోరల్ అనే పగడం. మామూలుగా దాని చేతివేళ్లలాంటి కొసలు వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతుంటాయి. ఇప్పుడు అన్నీ ఒకే పక్కకి అణిగిపోయి, దువ్విన జుట్టులా, కింద తెల్లటి అస్థిపంజరం అంచు కనపడుతోంది. అలా ఒకే ధార రోజంతా కొడితే ఆ అంచు దగ్గర కండ చిరిగిపోతుంది.

ఒక పంపు కుడివైపుకి మార్చాను. ఎడమది ముందు గాజుకేసి వంచాను, ధార గాజుకి తగిలి విరిగి చెదురుతుంది. కుడిదాన్ని వెనక నాలుగంగుళాల సందులోకి తిప్పాను. రెండూ వంతులవారీగా, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గేలా పెట్టాను. తర్వాత గడ్డకట్టిన రొయ్యల మేత కరిగించిన నీళ్లు సిరంజితో కొద్దిగా వెనక మూలలో వదిలి, ముక్కు గాజుకి ఆనించి చూశాను. గులాబీరంగు మబ్బు ముందు అక్కడే ఒక సుడి తిరిగింది. ఇంతలో వంతు మారింది. మబ్బు సాగి, రెండుగా చీలి, ఒక పాయ దిబ్బ వెనక నుంచి, ఇంకోటి సొరంగంలోంచి వచ్చి జానెడు సందు దగ్గర మళ్లీ కలిశాయి. క్లౌన్ చేపలు రెండూ అక్కడే కాసుకుని తినేశాయి. ఇంకో నాలుగుసార్లు వదిలాను. టెస్టింగ్ అని పేరు.

మధ్యలో విశాఖ నుంచి బావమరిది మెసేజ్. వాడికీ ఇలాంటిది పెట్టాలని ఉంది. మన దగ్గర సముద్రంలో దిబ్బలు (రీఫ్) కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే, ఒడ్డున దొరికింది కదా అని ముక్క కూడా ఏరుకోకని రాశాను. చేపలు, సెరామిక్ రాళ్లు చాలు, నీళ్లు తిప్పడం ముందు నేర్చుకో అన్నాను. రాసేసి, ఈ మాట చెప్పే అర్హత నాకు పొద్దున్న ఉందా అనిపించింది.

రాత్రి తొమ్మిదికి నాన్నకి మళ్లీ చేశాను, అక్కడ తెల్లారి టీ టైమ్. సొరంగం చూపించాను, పంపుల వంతులు చూపించాను. కాసేపు చూసి "అయితే ఇది కాలవ కాదన్నమాట. పోటూ పాటూ ఉండే నీళ్లు" అన్నారు. "సముద్రమే కదా నాన్నా" అన్నాను. "ముందు చెప్పొద్దూ" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు "కుడివైపు కింద చిన్నరాయి వెనకాల నీళ్లేమన్నా పోతున్నాయా?" అని అడిగారు. అక్కడ నేను మేత నీళ్లు వదిలి చూడలేదు.

నీళ్లలో కలిసిన ఎపాక్సీకి స్కిమ్మర్, అంటే నీళ్లలో మురికిని నురుగుగా తీసే పరికరం, పిచ్చెక్కినట్టు నురుగు కక్కుతోంది, దాని కప్పు రెండుసార్లు పారబోశాను. ఒకటి రెండు రోజులు ఇలాగే ఉంటుంది. పదకొండుకి లైట్లారాక సోఫాలో కూర్చుంటే టప్ మని చప్పుడు, మళ్లీ టప్. రొయ్య పెద్ద దిబ్బ కింద తవ్వకం మొదలెట్టింది. తవ్వుకోమను, ఈసారి కింద గాజే ఉంది. గ్రామా మాత్రం ఇంకా తన పాత కన్నంలోనే ఉంది, బయటికి రాలేదు.